గూడు చూసి కుటుంబం చెప్పకు

సింధూ,

సిడ్నీలో గరాటు సాలీళ్ల మీద పరిశోధనకు సీటొచ్చిందని మీ అమ్మ చెప్పింది. మన ఇంట్లో సాలీళ్లను చదివే పిల్ల ఉందని పొంగిపోయాను. ఆ సాలీళ్ల కుటుంబం పేరు అట్రాసిడే అనగానే గుబులు పట్టుకుంది, ప్రాణం తీయగల విషం ఉన్న సాలీళ్లు అవి.

మూసిన బూట్లు, పొడవాటి పటకారు, గట్టి మూతల సీసాలు అక్కడి పరిశోధనశాలవాళ్లే ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకో. నా బెంగ వేరే.

పొలం గట్ల గడ్డిలో తెల్లారగట్ల మంచుకు మెరిసే గరాటు గూళ్లు నీకు చిన్నప్పుడే తెలుసు. పరకతో కదిపి లోపలిదాన్ని బయటికి రప్పించేదానివి. ఆ గూళ్లలో తరచూ ఉండేది హిప్పాసా, అంటే లైకోసిడే కుటుంబపు తోడేలు సాలీడు. గరాటు కనబడగానే అజెలెనిడే (గరాటు గూళ్లు అల్లే మరో కుటుంబం) అని రాసేయడం పాత పొరపాటు. గరాటు గూడు వేరువేరు వంశాల్లో విడివిడిగా పుట్టింది, బంధుత్వానికి అది సాక్ష్యం కాదు. సాలీడునే చూడాలి. హిప్పాసాకు ముందు వరసలో నాలుగు చిన్న కళ్లు, వెనక రెండు, ఇంకా వెనక రెండు. ఆడది గుడ్ల సంచిని స్పిన్నరెట్లకు, అంటే ఉదరం చివర దారం తీసే అవయవాలకు, తగిలించుకుని తిరుగుతుంది. అజెలెనిడేలో కళ్లు నాలుగేసి చొప్పున రెండు వరసలు, సంచి మోయడం ఉండదు. ఈ రెంటికీ కోరలు ఎదురెదురుగా కలుసుకుంటాయి, పుస్తకాకార ఊపిరితిత్తులు (పుస్తకం పేజీల్లా పొరలుండే శ్వాస అవయవాలు) ఒక జతే.

అట్రాసిడేలో కోరలు పక్కపక్కనే సమాంతరంగా ఉండి పైనుంచి కిందికి దిగుతాయి. పుస్తకాకార ఊపిరితిత్తులు రెండు జతలు; ఉదరం అడుగున పాలిపోయిన నాలుగు మచ్చలుగా కనిపిస్తాయి. శిరోవక్షం, అంటే తలా ఛాతీ కలిసిన ముందు భాగం, వెంట్రుకలు పెద్దగా లేక నిగనిగలాడుతుంది. వెనక స్పిన్నరెట్ల చివరి భాగం వెడల్పు కంటే పొడవు ఎక్కువ. ఇక గూడంటావా, మన గట్ల మీది పరుపులాంటిది అక్కడ వెతకకు. రాళ్లు, దుంగల కింద తేమగా ఉన్నచోట పట్టు పరిచిన బొరియ, మూతి చుట్టూ అడ్డదిడ్డంగా పరుచుకున్న దారాలు. ఆ దారం కదిలితే చాలు, అది దూకుతుంది. పరక పెట్టే అలవాటు ఇక్కడే వదిలెయ్యి తల్లీ. ఈ కుటుంబంలోని హాడ్రోనికే ప్రజాతిలో కొన్ని చెట్ల తొర్రల్లో కూడా ఉంటాయి, చెట్టుకు చేయి ఆనించే ముందు చూసుకో.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఈ సాలీళ్లను ఒకప్పుడు డిప్లూరిడే కుటుంబంలో, 1980 నుంచి హెక్సాథెలిడే కుటుంబంలో ఉంచారు. 2018లో డీఎన్ఏ ఆధారంగా అట్రాసిడేను ప్రత్యేక కుటుంబం చేశారు. ప్రజాతులు మూడు: అట్రాక్స్, హాడ్రోనికే, ఇల్లవారా. విషంలో నరాల మీద పనిచేసే హెక్సాటాక్సిన్ల పేరు మాత్రం పాత కుటుంబం హెక్సాథెలిడేదే, తికమకపడకు. 2025లో సిడ్నీ సాలీడు అట్రాక్స్ రోబస్టస్‌ను మూడు జాతులుగా విడగొట్టారు. న్యూకాజిల్ వైపు పెద్దది అట్రాక్స్ క్రిస్టెన్సెని, మరొకటి అట్రాక్స్ మోంటానస్, మూడోదానికి పాత పేరే ఉంచారు. అందుకే పాత నమూనాల పేరు కన్నా దొరికిన చోటు, తేదీ ముఖ్యం. నమూనాను 80 శాతం ఆల్కహాల్‌లో ఉంచు, డీఎన్ఏకు ఒక కాలు విడిగా 95 శాతం పైబడిన ఆల్కహాల్‌లో వెయ్యి. లేబుల్ సీసా లోపల, పెన్సిల్‌తో. జాతి చెప్పడానికి మగదాని పెడిపాల్ప్ (నోటి పక్కన కాలులాంటి చిన్న అవయవం), ఆడదాని స్పెర్మాథీకా (వీర్యం దాచుకునే సంచి) కావాలి. పిల్ల సాలీడుకు జాతి పేరు అంటగట్టకు.

మగది సన్నగా ఉందని తేలిగ్గా తీసుకుంటావేమోనని నా భయం. సిడ్నీ జాతిలో విషం మగదానిదే ఎక్కువ ప్రమాదకరం. రెండో కాలి మధ్యన ముల్లులాంటిది పొడుచుకుని ఉంటుంది. అక్కడి ఎండాకాలం, శరదృతువుల్లో (డిసెంబరు నుంచి మే దాకా), ముఖ్యంగా వాన పడ్డాక, ఆడదాన్ని వెతుక్కుంటూ ఇళ్లలోకీ బూట్లలోకీ వస్తుంది. ఈత కొలను అడుగున కదలకుండా ఉన్నా చచ్చిందనుకోకు, వెంట్రుకల్లో చిక్కిన గాలితో గంటల తరబడి బతుకుతుంది.

కరిస్తే, మనవాళ్లు పాముకాటుకు కట్టినట్టు తాడు బిగించకు, కోయకు, కడగకు. వెడల్పాటి సాగే కట్టును కాటు మీదుగా మొదలుపెట్టి మొత్తం చేయికో కాలికో చుట్టు, బెణికినప్పుడు కట్టేంత బిగువుగా. ఆపైన కదలకుండా బద్ద కట్టి, నడవకుండా 000కి (అక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చెయ్యి. ఆసుపత్రిలో వైద్యులు చెప్పేదాకా కట్టు విప్పనివ్వకు. ఆ విషం నరాల్లోకి సోడియం వచ్చే ద్వారాలు మూసుకోకుండా చేస్తుంది, పెదవుల చుట్టూ తిమ్మిరి, చెమట, కండరాల అదురు మొదలవుతాయి. ఆస్ట్రేలియా పరిశోధకుడు స్ట్రూవన్ సదర్లాండ్ చేసిన విరుగుడు 1981 నుంచి ఉంది, ఆ తర్వాత మరణాలు నమోదు కాలేదు. అయినా సరే, ఆ కట్టు రెండు చుట్టలు బ్యాగులో పైనే పెట్టుకో, అడుగున కాదు. ఒంటరిగా పొలానికి, అడవికి వెళ్లకు.

మీ పెద్దమ్మ