అక్టోబరులో పడవెక్కండి, ఉద్యోగం మాత్రం మానకండి

ప్రశ్న: మేం వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర ఉంటాం. మా వారికి 56, నాకు 53. ఆయన జీతం ఏడాదికి 1,35,000 డాలర్లు. నేను ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూస్తాను, 48,000 వస్తుంది, పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ అందరికీ ఆయన కంపెనీదే. పెద్దవాడు ఉద్యోగంలో ఉన్నాడు, పాప కాలేజీ చివరి సంవత్సరం, ఇంకా 24,000 కట్టాలి. ఇంటి అప్పు 1,80,000 ఉంది, వడ్డీ 2.9 శాతం. ఆయన 401(కె)లో (కంపెనీ రిటైర్మెంట్ ఖాతాలో) 7,80,000, బ్యాంకులో 1,40,000 ఉన్నాయి. నెల ఖర్చు 6,500 దాకా అవుతుంది. భీమవరంలో అత్తయ్యగారికి నెలనెలా 40,000 రూపాయలు పంపుతాం. ఆయన నాలుగేళ్లుగా చెసాపీక్ బేలో సెయిలింగ్ నేర్చుకుంటున్నారు. ఈ అక్టోబరులో ఉద్యోగం మానేసి, ఇంటి మీద హెలాక్ (ఇంటిని తాకట్టు పెట్టి తీసుకునే అప్పు) తీసి, 90,000కి 36 అడుగుల పడవ కొని, నార్ఫోక్ నుంచి ఫ్లోరిడా దాకా కాలువల్లో ఇద్దరం వెళ్దామంటున్నారు. నాకూ వెళ్లాలనే ఉంది, కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇది మాకు తగిన పనేనా?

జవాబు: తగిన పనే. వెళ్లండి, ఈ అక్టోబరులోనే వెళ్లండి. అయితే మీ వారు ఒకటే అనుకుంటున్న ఈ పనిలో నిజానికి మూడు పనులున్నాయి: ప్రయాణం చేయడం, పడవ కొనడం, ఉద్యోగం మానడం. మూడింటి ఖర్చులూ వేరువేరు. ప్రయాణానికయ్యేది చాలా తక్కువ. పడవకు మీరనుకున్నదాని కంటే ఎక్కువ పడుతుంది. ఇక ఉద్యోగం మానడానికి అయ్యేది ఈ రెండూ కలిపినా అందనంత. మీకు నిద్ర పట్టనిది ఆ మూడోదాని వల్లేనని నాకనిపిస్తోంది.

ముందు ప్రయాణం సంగతి చూద్దాం. ఆ దారిని ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు. సముద్రం పక్కనే నదులు, ఉప్పుటేర్లు, తవ్విన కాలువలు కలుపుకుంటూ దక్షిణానికి పోతుంది. మన బకింగ్‌హామ్ కాలువ కోరమాండల్ తీరం వెంట ఎలా పోతుందో అలాగే. తేడా ఏమిటంటే ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ నిర్వహిస్తుంది, టోలు లేదు. సున్నా మైలు నార్ఫోక్‌లోనే. మయామీ దగ్గరికి దాదాపు 1,090 మైళ్లు. పేరుకు తెరచాప పడవే అయినా కాలువల్లో ఎక్కువ భాగం ఇంజన్ మీదే నడుస్తుంది కాబట్టి డీజిల్ లెక్క వేయాలి. గంటకు 6 మైళ్ల చొప్పున మొత్తం 180 గంటలు. చిన్న పడవకు గంటకు ముప్పావు గాలన్ చాలు, అంటే 135 గాలన్లు. గాలన్ ఐదు డాలర్లనుకున్నా 700 దాటదు.

రాత్రిళ్లు ఎక్కడ ఆగుతారన్నది అసలు ఖర్చు. మెరీనాలో అడుగుకు రెండు, మూడు డాలర్లు అడుగుతారు. 32 అడుగుల పడవకు (36 అడుగులది ఎందుకు కాదో కింద చెప్తాను) రాత్రికి 80 అనుకోండి. లంగరు వేసుకుని పడుకుంటే ఏమీ లేదు. మూడు రాత్రుల్లో ఒకటి మెరీనాలో, రెండు లంగరు మీద గడిపితే రెండు నెలలకు 1,600. తిండికి, ఊళ్లు చూడ్డానికి 3,000. పడవ ఆగిపోతే లాక్కెళ్లే సర్వీసులో మెంబర్‌షిప్, మ్యాపులు, ఫోన్ డేటా కలిపి 500. రిపేర్లకు 5,000 పక్కన పెట్టండి, ఇందులో బేరాల్లేవు. అంతా కలిపి 11,000 లోపే. మీ కుటుంబం ఒకసారి ఇండియా వెళ్లొస్తే అయ్యే ఖర్చుకు దగ్గరదగ్గరగా ఉంటుంది.

నార్ఫోక్ దాటగానే రెండు దార్లు వస్తాయి. ఒకటి గ్రేట్ బ్రిడ్జ్ లాకు మీదుగా, రెండోది డిస్మల్ స్వాంప్ కాలువ మీదుగా. కాలువ తెరిచే ఉంటే ఆ రెండో దారినే వెళ్లండి. అది 1805లో తెరిచిన కాలువ, రెండు చివరలా రెండు లాకులు, నీళ్లు డికాషన్ రంగులో ఉంటాయి. చెట్ల ఆకులూ బెరడూ నానిన రంగు అది. గోదావరి లాకులు చూసి పెరిగినవారైతే లాకు తలుపులు మూసుకుని పడవ నీళ్లతో పాటు మెల్లగా పైకి లేస్తుంటే చాలాసేపు మాట్లాడకుండా నిలబడతారు. అవతల ఎలిజబెత్ సిటీలో ఊరివాళ్లే 48 గంటలు ఉచితంగా పడవ కట్టుకోనిస్తారు. ఇవన్నీ డబ్బు సలహాలో ఎందుకంటే, ఈ ప్రయాణంలో మీకు గుర్తుండిపోయే చోట్లు చాలావరకు డబ్బు ఖర్చు కానివే. 90,000 పడవలో వెళ్లినా 40,000 పడవలో వెళ్లినా ఆ కాలువ ఒకటే.

ఇక పడవ. హెలాక్ వద్దు. 2.9 శాతం ఇంటి అప్పు మీకు దొరికిన వరం, దాని పక్కన మారే వడ్డీతో ఇంకో అప్పు తెచ్చి ఇంటినే తాకట్టు పెట్టకండి. పైగా ఆ డబ్బుతో పడవ కొంటే హెలాక్ వడ్డీకి పన్ను మినహాయింపు రాదు. ఇల్లు కొనడానికో, కట్టడానికో, బాగు చేయడానికో వాడితేనే వస్తుంది. పడవనే తాకట్టు పెట్టి బోట్ లోన్ తీస్తే, పడవలో పడక, వంటగది, టాయిలెట్ ఉంటే రెండో ఇంటి కింద వడ్డీ చూపించుకోవచ్చని మీ వారికి ఎవరో చెప్పే ఉంటారు. మాట నిజమే, కానీ మీకు పనికిరాదు. మీ ఇంటి వడ్డీ ఏడాదికి 5,200 దాకా. వర్జీనియా పన్ను, ఇంటి పన్ను కలిపి 13,000 అనుకుందాం. పడవ వడ్డీ ఐదు వేలు వేసినా మొత్తం 23,000. ఈ ఖర్చులేవీ చూపకుండానే వచ్చే స్టాండర్డ్ డిడక్షనే భార్యాభర్తలకు 2025లో 31,500. కాబట్టి ఆ మినహాయింపు వల్ల మీకు ఒక్క డాలరు కూడా మిగలదు.

మరి ఎంతలో కొనాలి? పడవను చూసి డబ్బు వెతక్కండి, డబ్బును చూసి పడవ వెతకండి. మీ 1,40,000లోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు 39,000 ముట్టుకోకూడదు. పాప ఫీజు 24,000. అత్తయ్యగారికి ఏడాది పంపాల్సింది దాదాపు 5,500. ఉన్నట్టుండి ఇండియా వెళ్లాల్సి వస్తే రెండు టికెట్లకు 6,000. ఇవి తీస్తే 65,500 మిగులుతుంది. ప్రయాణానికి 11,000, మీ వారు నాలుగు వారాలు జీతం లేని సెలవు పెడితే పన్నులు పోను తగ్గే 7,500 కూడా తీసేయండి. మిగిలింది 47,000. పడవ, దాని పన్ను, సర్వే (కొనేముందు పడవ తనిఖీ), కొనగానే పెట్టే రిపేర్లు, మొదటి ఏడాది ఇన్సూరెన్స్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. అంటే ధర 38,000 దాటకూడదు. ఆ ధరకు 30 నుంచి 32 అడుగుల పాత పడవలు చెసాపీక్‌లో దొరుకుతాయి. ఇద్దరికి అది చాలు.

సర్వేయర్‌ను మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్లు చూపించినవాణ్ని వద్దు. అడుగుకు పాతిక డాలర్లు అటూ ఇటూ తీసుకుంటారు, పడవను నీళ్లలోంచి పైకి లేపే ఖర్చు అదనం. వెయ్యి పైన అవుతుంది, కానీ ఇంజన్ పోయిన పడవ కొనకుండా ఆపేది అదే. ఇంకో రెండు కొలతలు చూసుకోండి. ఆ దారిలో కదలని వంతెనల ఎత్తు సాధారణంగా 65 అడుగులు, మయామీలో ఒకటి మాత్రం 56 అడుగులే. తెరచాప స్తంభం అంతకంటే పొట్టిగా ఉండాలి. అడుగుభాగం నీళ్లలోకి ఐదడుగులకు మించి దిగకూడదు.

ఆ ఐదడుగులు ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పెద్ద బిల్లు అక్కడే పడుతుంది. జార్జియాలో ఆటుపోట్ల తేడా ఏడు నుంచి తొమ్మిది అడుగులు. జెకిల్ క్రీక్ లాంటి చోట నీళ్లు తగ్గే ఆటు సమయంలో వెళ్తే బురదలో కూర్చుండిపోతారు. అప్పుడు సాయానికి ఇంకో పడవ వచ్చి తాడు అందిస్తుంది. ఆ తాడు అందుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఇది టోయింగా, సాల్వేజా? టోయింగ్, అంటే లాగి తేవడమే అయితే మెంబర్‌షిప్‌లో పోతుంది, లేదా గంటల లెక్కన బిల్లు వస్తుంది. సాల్వేజ్, అంటే ప్రమాదంలోంచి పడవను కాపాడడం అయితే పడవ విలువలో కొంత వాటా అడగవచ్చు. టెన్షన్‌లో ఎవరూ అడగరు, తర్వాత వేలల్లో కాగితం వస్తుంది. ఈ ప్రశ్న మీ ఇద్దరికీ నోటికి వచ్చి ఉండాలి. ప్రమాదం లేకపోతే పోటు వచ్చేదాకా ఆగి టీ పెట్టుకోవడం అన్నిటికంటే చవక.

ఇన్సూరెన్స్ కాగితం చదవకుండా తేదీలు ఖాయం చేయకండి. హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. చాలా పాలసీలు ఫలానా తేదీ దాకా, తరచుగా నవంబర్ 1 దాకా, ఫలానా గీతకు ఉత్తరానే ఉండాలంటాయి. దాటితే తుఫాను నష్టానికి డబ్బు రాదు. అందుకే ఈసారి ఫ్లోరిడా దాకా పోకుండా జార్జియా చివర సెయింట్ మేరీస్‌లో ఆగమంటాను. నార్ఫోక్ నుంచి 710 మైళ్ల దూరం, ఎనిమిది వారాల్లో హాయిగా చేరతారు. థ్యాంక్స్‌గివింగ్‌కు అక్కడ పడవలవాళ్లంతా కలిసి భోజనాలు చేసే ఆనవాయితీ ఉంది. ఇంకో లాభం కూడా ఉంది. కొత్తగా కొన్న పడవ ఆరు నెలలు గడవకుండా ఫ్లోరిడాలోకి వస్తే ఆ రాష్ట్రం 6 శాతం యూజ్ ట్యాక్స్ (బయట కొని తెచ్చి వాడే వస్తువు మీద పన్ను) అడిగే అవకాశముంది. వర్జీనియాలో కట్టిన 2 శాతం తీసేసినా 38,000 మీద 1,500 దాకా పడుతుంది. చలికాలం పడవ ఎక్కడ వదిలినా ఆ రాష్ట్రంలో ఎన్ని రోజులకు ఏ పన్ను పడుతుందో ముందే కనుక్కోండి.

ఇప్పుడు ఉద్యోగం. 56లో మానేస్తే మీ జీతంతో ఇల్లు గడవదు, పన్నులు, హెల్త్ ఇన్సూరెన్స్ కలుపుకుని ఇంకో 60,000 దాకా ఏటా 401(కె) నుంచే తీయాలి. ఇంకో రెండేళ్లు చేస్తే ఆ లక్షా ఇరవై వేలు తీయరు సరికదా, 50 దాటినవారికి 2025 పరిమితి ప్రకారం ఏడాదికి 31,000 దాకా వేసుకోవచ్చు. మే నెలతో పాప ఫీజు కూడా అయిపోతుంది కాబట్టి అందులో పెద్ద భాగం వేయగలరు. రెండేళ్ల ఓపికకు ఇంత దొరికే చోటు ఇంకోటి లేదు. అందుకని మీ వారు నాలుగు వారాల పెయిడ్ సెలవు, నాలుగు వారాలు జీతం లేని సెలవు అడగాలి. పెయిడ్ సెలవు అంత మిగల్లేదంటే ప్రయాణాన్ని తగ్గించుకోండి, జీతాన్ని కాదు. ఒప్పుకోకపోతే ఈ ఏడు నార్ఫోక్ నుంచి నార్త్ కరోలైనాలోని ఓరియెంటల్ దాకా వెళ్లండి. 180 మైళ్లు, రెండు వారాల సెలవు చాలు. పడవ అక్కడ వదిలి రావచ్చు. మీకు ఆ జీవితం సరిపడుతుందో లేదో ఆ రెండు వారాల్లోనే తెలిసిపోతుంది. జీతం లేని సెలవులో హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగుతుందా, మన వాటా ఎలా కట్టాలి అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

ఆయన ఎప్పుడు మానినా రెండు సంగతులు గుర్తుంచుకోండి. 55 నిండే ఏడాది లేదా ఆ తర్వాత ఉద్యోగం మానినవారు ఆ కంపెనీ 401(కె) నుంచి 10 శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు. అదే డబ్బును ఐఆర్‌ఏలోకి (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతాలోకి) మారిస్తే 59న్నర దాకా ఆ వెసులుబాటు పోతుంది. 40,000 తీస్తే 4,000 పెనాల్టీ. అందుకని ఎవరు మార్చమన్నా మార్చకండి, ముందు ప్లాన్ విడతలుగా తీసుకోనిస్తుందో లేదో అడగండి. అక్టోబరులో మానితే ఆ ఏడాది తొమ్మిది నెలల జీతం అప్పటికే వచ్చి ఉంటుంది కాబట్టి ఆ ఏడు ఏమీ తీయకుండా జనవరి దాకా ఆగితే పన్ను తగ్గుతుంది. రెండోది, కోబ్రా, అంటే ఉద్యోగం మానాక కూడా కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌ను సొంత ఖర్చుతో కొనసాగించుకునే వీలు. మానాక దాన్ని ఎంచుకోవడానికి 60 రోజుల గడువుంటుంది, ఎంచుకుంటే కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. కాకపోతే వెనకటి ప్రీమియంలన్నీ కట్టాలి, అది మొత్తం ఖర్చులో 102 శాతం దాకా ఉండొచ్చు. పాపకు 26 వచ్చేదాకా మీ ప్లాన్‌లో ఉండొచ్చు కాబట్టి ఆమె సంగతీ దీంతో ముడిపడే ఉంది.

మీ ప్లాన్ నెట్‌వర్క్ వర్జీనియాకే పరిమితమైతే దారిలో ఎమర్జెన్సీ తప్ప మిగతా వైద్యం చేతి డబ్బే. పళ్లు, కళ్లు, రక్త పరీక్షలు సెప్టెంబరులోనే చేయించుకోండి, వేసుకునే మందులు 90 రోజులకు తెచ్చుకోండి.

ఒక మాట మీకు మాత్రమే. పడవ కొనేముందు ఆయన సెయిలింగ్ స్నేహితుల పడవలోనో, అద్దె పడవలోనో రెండు, మూడు రాత్రులు మీరు పడుకుని చూడండి. మీరు వద్దనుకుంటే సగం ధరకు అమ్ముకోవాల్సి వచ్చే వస్తువది. మీ అభిప్రాయం ఆయన ఇష్టాన్ని కాదనడం కాదు, ఈ కొనుగోలులో అన్నిటికంటే చవకైన పరీక్ష.

అత్తయ్యగారి డబ్బు ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టి, భీమవరంలో ఎవరు ముందు ఫోన్ ఎత్తాలో అన్నదమ్ములతో మాట్లాడుకోండి. ఆ 6,000 టికెట్ల ఖాతాను పడవ రిపేర్ల కోసం ముట్టుకోవద్దు. దారిలో తగిలే చార్ల్‌స్టన్, సవానా రెండు ఊళ్లలోనూ విమానాశ్రయాలున్నాయి. కబురు వస్తే ఒక్కరోజులో పడవ కట్టేసి బయల్దేరడానికి ఆ దగ్గర్లో ఏ మెరీనాలు వారాల లెక్కన చోటిస్తాయో ఫోన్ నంబర్లతో ఇప్పుడే రాసుకోండి. సెలవు ఉత్తరం జవాబు, ఇన్సూరెన్స్ కోట్ చేతికొచ్చాక నాకు పంపితే పడవకు అడ్వాన్స్ ఇచ్చేలోపు ఇద్దరితో కలిసి ఇంకోసారి లెక్క చూస్తాను.