రివాల్వర్ కాలిస్తే బొటనవేలు మొదట్లో నొప్పి: తుపాకీ మార్చాలా, పిడి మార్చాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 51 ఏళ్లు. మాది పలాస. మా వారు పోయాక జీడిపప్పు వ్యాపారం నేనే చూసుకుంటున్నాను. చిన్నప్పటి నుంచి పిక్కలు కొట్టి, పొట్టు తీసిన చేతులు నావి. సీజన్‌లో నగదుతో తిరగాల్సి వస్తుందని లైసెన్సు తీసుకుని .32 రివాల్వర్ కొన్నాను. ప్రాక్టీసులో నాలుగైదు రౌండ్లు కాల్చేసరికి కుడి బొటనవేలు మొదట్లో పొడిచినట్టు నొప్పి వస్తోంది. మధ్యవేలు కణుపు కమిలిపోతోంది. నా చెయ్యి చిన్నది. పెద్ద రబ్బరు పిడి వేయించుకోమని ఒకరు, ఇంకా తేలికైన రివాల్వర్‌కు మారమని ఒకరు చెప్తున్నారు. షుగరు ఉంది. మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రలు ఆపేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. మీరుండేది ఉద్దానం పక్కన, అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైగా షుగరు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరును అడక్కుండా రోజూ మింగితే కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గిపోతుంది, దెబ్బ పడుతున్నట్టు బయటికి ఏమీ తెలియదు. ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్, యూరిన్‌లో అల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది, దూరం వెళ్లక్కర్లేదు. నొప్పికి ప్రస్తుతానికి పైపూత జెల్ సన్నగా రాసుకోండి, అది కూడా రిపోర్టు వచ్చేదాకా కొద్దిగానే.

ఇక చెయ్యి సంగతి. బొటనవేలు మొదట్లో, మణికట్టుకు కాస్త పైన చిన్న కీలు ఒకటి ఉంటుంది. యాభై దాటిన ఆడవాళ్లలో, ముఖ్యంగా నెలసరి ఆగిపోయాక, అది అరగడం చాలా మామూలు. ఏళ్ల తరబడి వేళ్ల కొసలతో పిక్కలు పట్టుకుని పనిచేసిన చేతిలో ఇంకాస్త ముందే మొదలైనా నాకు ఆశ్చర్యం లేదు. వేళ్ల కొసల మధ్య కిలో బరువుతో నొక్కితే ఆ కీలు మీద పడే బలం దాదాపు పన్నెండు కిలోలని లెక్కగట్టారు. ఇది గుర్తుంచుకోండి, పిడి గురించి నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇంట్లోనే ఒక సంగతి చూసుకోండి. సీసా మూత తిప్పినప్పుడు, తాళం తీసినప్పుడు కూడా అదే చోట పొడుస్తోందా? అయితే కీలు అరుగుదల అనుకోవచ్చు. అలా కాకుండా బొటనవేలిని పిడికిట్లో దాచి, మణికట్టును చిటికెన వేలి వైపు మెల్లగా వంచినప్పుడు ప్రాణం పోయినంత నొప్పి వస్తే అది కీలు కాదు, మణికట్టు పక్క నుంచి వెళ్లే నరాల్లాంటి తాళ్లు, అంటే టెండన్లు, వాచాయన్నమాట. రెండూ కలిసి కూడా ఉంటాయి. షుగరు ఉన్నవాళ్లలో వేలు మడిచినప్పుడు పట్టేసి టక్కున తెరుచుకోవడం, రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కడం ఎక్కువ, అవి ఉంటే దాచకుండా చెప్పండి. చేతి ఎక్స్‌రే ఒకటి చాలు, కీలు సంగతి చాలావరకు తేలిపోతుంది.

ఇప్పుడు మీరు అసలు అడిగింది. రివాల్వర్ చేతికి సరిపోవడం అంటే చాలామంది పిడి లావు ఒక్కటే చూస్తారు. నిజానికి రెండు వేర్వేరు కొలతలు ఉన్నాయి. పిడి వెనక భాగం నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరం మొదటిది, అది ప్రధానంగా ఫ్రేమ్‌ను, అంటే తుపాకీ లోహపు చట్రాన్ని బట్టి ఉంటుంది, దాన్ని పిడితో కొంచెం పెంచొచ్చు తప్ప పెద్దగా తగ్గించలేం. అరచేతిలో నిండే లావు రెండోది, అది పిడిని బట్టి మారుతుంది. మీలాంటి చిన్న చేతికి మొదటి కొలతే ప్రాణం.

డీలరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన చేత తూటాలుండే సిలిండర్ తెరిపించి ఖాళీగా ఉందని మీ కళ్లతో చూడండి, మీ వేలితో తడిమి కూడా చూడండి. ఎవరూ లేని గోడ వైపు పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందును హ్యామర్ (వెనక ఉండే సుత్తి లాంటి భాగం) కింద వీలైనంత పైకి ఆనించండి. పై నుంచి చూస్తే బ్యారెల్, మీ ముంజేయి ఒకే గీతలో ఉండాలి. ఆ గీత చెదరకుండా చూపుడు వేలిని ట్రిగ్గర్ మీద పెట్టండి. వేలి కొస నుంచి మొదటి మడత ట్రిగ్గర్ మీదికి వస్తే అది మీ ఫ్రేమ్. వేలి కొస గోరంత మాత్రమే అందుతుంటే, అందుకోవడానికి తెలియకుండానే తుపాకీని కుడివైపు తిప్పుతుంటే, ఆ ఫ్రేమ్ మీకు పెద్దది. అప్పుడు కాల్చగానే వెనక్కి తన్నే దెబ్బ కండ ఉన్న ఆ సందు మీద పడదు, నేరుగా బొటనవేలి మొదట్లో కీలు మీదికి వెళ్తుంది. మీ నొప్పికి ఎక్కువ అవకాశం ఇదేనని నా అభిప్రాయం. మీరు రాసిన లక్షణాలు దీనికి బాగా కుదురుతున్నాయి.

అందుకే పెద్ద రబ్బరు పిడి సలహా సగమే నిజం. రబ్బరు మెత్తగా ఉండి దెబ్బను అరచేతంతా పరుస్తుంది, అది మంచిదే. కానీ పిడి వెనక భాగాన్ని కూడా కప్పేసే రబ్బరు వేస్తే ట్రిగ్గర్ ఇంకా దూరమవుతుంది, మీ చెయ్యి ఇంకా తిరిగిపోతుంది. వెనక ఇనుము బయటికి కనిపించేలా, పక్కలకూ ముందుకూ మాత్రమే రబ్బరు ఉన్న పిడి అడగండి. వేళ్ల కోసం గాడులు చెక్కిన పిడి మాత్రం తీసుకోవద్దు, ఆ గాడులు ఎవరి చేతికో కొలిచినవి, మీ వేళ్లు గాడి అంచుల మీద పడితే ఇంకో నొప్పి మొదలవుతుంది. చిటికెన వేలు కిందికి జారిపోకుండా పిడి మీద ఆనేంత పొడవు ఉండాలి, అది గాల్లో వేలాడితే తుపాకీ ప్రతి దెబ్బకూ చేతిలో పైకి లేస్తుంది.

మధ్యవేలు కమలడానికి కారణం వేరు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీ వెనక్కి వచ్చి ఆ కణుపు మీద కొడుతోంది. కడ్డీకీ పిడికీ మధ్య ఖాళీని నింపే పిడి దొరికితే అది ఆగిపోతుంది, అంతదాకా చిన్న బ్యాండ్ చుట్టుకోండి.

తేలిక రివాల్వర్ సలహా మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. ఆడవాళ్ల కోసమని 2014లో కాన్పూర్‌లో తయారుచేసిన నిర్భీక్ రివాల్వర్ దాదాపు అర కిలో, అక్కడే తయారయ్యే మామూలు .32 దాదాపు 700 గ్రాములు. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరగడానికి తేలికది హాయి, కాదనను. అయితే తూటా అదే, అందులోని తుపాకీ మందు అదే. తుపాకీ ఎంత తేలికైతే చేతికి అంత గట్టిగా తగులుతుంది. అరిగిన కీలుకు ఆ రెండొందల గ్రాములు మేలే చేస్తాయి. విదేశాల్లో స్మిత్ అండ్ వెసన్ లాంటి కంపెనీలు ఫ్రేమ్‌లకు చిన్న నుంచి పెద్దకు జె, కె, ఎల్, ఎన్ అని అక్షరాలు పెట్టి అమ్ముతాయి, చేతిని బట్టి ఏరుకోవచ్చు. మనకు అంత ఎంపిక లేదు కాబట్టి కొనేముందు పట్టుకుని చూడటం తప్పనిసరి, ఎవరో చెప్పారని డబ్బు కట్టేయకండి.

ఇంకో మాట. ట్రిగ్గర్ నేరుగా లాగితే బరువుగా ఉంటుందని చాలామంది ముందే హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగుతారు. మీకు నొప్పి ఉన్నది ఆ కీలులోనే! ప్రాక్టీసులో రెండు చేతులతో పట్టుకుని ఎడమ బొటనవేలితో లాగండి, తూటాలు వేయడానికి బ్యారెల్ మడిచే లాచ్ (గడియ) కూడా ఎడమ చేత్తోనే నొక్కండి. ఎడమ బొటనవేలు మాత్రం ఎప్పుడూ సిలిండర్ పక్కకు, ముందుకు చాచవద్దు, సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వచ్చే మంట చర్మాన్ని చీలుస్తుంది. ట్రిగ్గర్ తేలికవ్వాలని హ్యామర్ స్ప్రింగ్ బలం తగ్గిస్తానని ఎవరైనా అంటే లైసెన్సున్న డీలరు దగ్గర తప్ప ఒప్పుకోకండి. తూటాకు గట్టిగా దెబ్బ తగలకపోతే అవసరానికి అది పేలదు.

మూడు నాలుగు వారాలు కాల్చడం పూర్తిగా మానేయండి. ఆ రోజుల్లో బొటనవేలిని మణికట్టుతో కలిపి పట్టి ఉంచే స్ప్లింట్ పగలు వేసుకోండి, ఫ్యాక్టరీ పని ఆపలేరని తెలుసు, అందుకే అది వేసుకునే చేయగలిగే సైజు తీసుకోండి. నొప్పి తగ్గాక చూపుడు వేలిని బొటనవేలి వైపు నెట్టి, ఎడమ చేత్తో అడ్డుపట్టి పది లెక్కపెట్టే వ్యాయామం రోజూ చేయండి, అక్కడి కండ బలపడితే కీలు కుదురుగా నిలబడుతుంది. దీనికీ తగ్గకపోతే కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి ఇస్తాం, అది ఇచ్చాక కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, మీరు ఇంట్లో చూసుకుంటూ ఉండాలి.

ప్రాక్టీసు మళ్లీ మొదలుపెట్టినప్పుడు చెవులకు ప్లగ్గులు, పైన మఫ్స్ రెండూ పెట్టుకోండి, ఒక్క రివాల్వర్ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. తూటాల్లో సీసం ఉంటుంది, అది చేతులకు అంటుకుని అన్నంలోంచి ఒంట్లోకి వెళ్తే మళ్లీ కిడ్నీకే చేటు. కాల్చిన వెంటనే సబ్బుతో కడుక్కున్నాకే టీ గ్లాసు ముట్టుకోండి.

శ్రీకాకుళం వచ్చి చూపించుకునేటప్పుడు ఎక్స్‌రే, షుగరు, క్రియాటినిన్ రిపోర్టులు తెచ్చుకోండి. రివాల్వర్ ఆసుపత్రికి తేవద్దు. ఖాళీ తుపాకీని మీరు పట్టుకున్నప్పుడు పై నుంచి ఒకటి, కుడి పక్క నుంచి ఒకటి ఫొటోలు తీయించి తెస్తే చాలు, చెయ్యి ఎంత తిరిగిందో అందులోనే కనిపిస్తుంది.