షష్టిపూర్తి వద్దంటున్న మామగారు

ప్రశ్న: మాది చెన్నై, వేళచ్చేరి. మామగారికి వచ్చే నెల అరవై నిండుతాయి. తిరుక్కడయూరు గుడిలో షష్టిపూర్తి చేద్దామంటే "అప్పుడే నన్ను ముసలివాణ్ణి చేసేశారా?" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. రెండు వారాలుగా నాతో మాటల్లేవు. మొన్న ఆయన స్కూటర్ ఆటోకి తగిలితే తాళం బీరువాలో పెట్టాను, ఆ కోపం కూడా ఉందేమో. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, తాళం సంగతి మీరు ఒక్క ముక్కలో రాశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. రోజూ పొద్దున్నే ఆకుకూరకి బయల్దేరుతూ గోడ మేకు మీద చెయ్యి వేసే మనిషికి ఇప్పుడు ఖాళీ మేకు తగులుతోంది. మీరు ప్రేమతోనే చేశారు, అందులో నాకు సందేహం లేదు. కానీ "ఈ వయసులో మీకెందుకు మామయ్యా" అన్న ప్రతిసారీ ఆయన చేతిలోంచి ఒక పని జారిపోతుంది. షష్టిపూర్తి అనగానే మిగిలినవీ పోతాయని భయపడి ఉంటారు.

నిజానికి ఆ మాటలో ముసలితనం లేదు. షష్టి అంటే అరవై. (కార్డులో 'ష్ఠి' పడకుండా చూసుకోండి, అది ఆరో తిథి.) ఆయన పుట్టిన 1965-66 తెలుగు సంవత్సరం పేరు విశ్వావసు. అరవై ఏళ్ల చక్రం ఒక చుట్టు తిరిగి 2025 ఉగాదికి మళ్లీ అదే పేరు వచ్చింది. డెబ్బైకి భీమరథ శాంతి, ఎనభై దాటాక వెయ్యి పున్నములు చూసినందుకు సహస్ర చంద్ర దర్శనం. ఎంత చక్కటి పేర్లు! సీనియర్ సిటిజన్ అన్నా అంతే. 2007 నాటి తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల సంక్షేమ చట్టం అరవై దగ్గర గీత గీసింది రక్షణ కోసం, ఓపిక కొలిచి కాదు.

ముందు తాళం మేకుకి తగిలించండి. టెన్షన్‌గా ఉంటే కళ్లు ఒకసారి చూపించుకోమని అడగండి. డాక్టరు బండి వద్దంటే అప్పుడు ఆయనతోనే కూర్చుని తేల్చుకోవచ్చు. మీవారిని రాయబారం పంపకుండా మీరే వెళ్లి "చెప్పకుండా తీయడం తప్పే మామయ్యా" అనండి.

ఇంకో మాట. తమిళులు దీన్ని అరవయ్యో పెళ్లి అంటారు. మళ్లీ తాళి కట్టించుకునేది మీ అత్తగారు, ఆవిణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు. ఆవిడకి ఇష్టమైతే ఆవిడే ఆయన్ని అడుగుతారు. అప్పటికీ కాదంటే, ఇచ్చిన అడ్వాన్సులు పోతాయని బలవంతపెట్టకండి. ఆ రోజు ఇంట్లోనే పాయసం చేయండి, కూరలకి మాత్రం ఆయన్నే పంపండి.