అన్నయ్య చూసిన నాన్న వేరు, మీరు చూసిన నాన్న వేరు

ప్రశ్న: మా నాన్నగారు ఇరిగేషన్ ఇంజినీరు. ఈమధ్యే 88వ ఏట పోయారు. చివరిదాకా చురుగ్గా ఉన్నారు. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు మొరాయిస్తే మెకానిక్ కన్నా ముందు ఆయన్నే పిలిచేవారు. సంవత్సరీకానికి స్మృతి సంచిక వేయాలని అన్నయ్య పట్టుదల. నాగార్జునసాగర్‌లో పెరిగిన అన్నయ్యకు నాన్న దేవుడు. నేను పుట్టాక మమ్మల్ని చదువుల కోసం హైదరాబాద్‌లో ఉంచి ఆయన శ్రీశైలం ప్రాజెక్టుకు వెళ్లారు. నాకు గుర్తున్నవి ఎదురుచూపులే. నా పేజీ రాయబోతే కోపం వస్తోంది, ఏడుపు రావడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు. అమ్మకు 82. ఏమీ మాట్లాడదు. నేను చెడ్డ కూతుర్నా?

జవాబు: చెడ్డ కూతురైతే నాలుగు పొగడ్తలు రాసి ఆ పేజీ ఎప్పుడో పంపేసేవారు.

మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అన్నయ్య పెరిగింది ప్రాజెక్టు కాలనీలో. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను చాలామటుకు కూలీల చేతులతోనే, రాయి మీద రాయి పేర్చి కట్టారు. 1967లో కాలువలకు నీళ్లొదిలారు. నాన్న పనిచేసే చోటే ఇల్లు, ఆ ఇంటి చుట్టూ అంత సందడి. అక్కడ పెరిగిన పిల్లాడికి తండ్రి హీరో కాక ఏమవుతాడు? మీ దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి పండక్కి వచ్చే చుట్టమయ్యాడు.

శ్రీశైలం దగ్గర కృష్ణలో వరద తగ్గాకే నదీగర్భంలో పని సాగుతుంది. మళ్లీ వరద ముంచుకొచ్చేలోగా కట్టడాన్ని వీలైనంత పైకి లేపాలి. అంటే మీ వేసవి సెలవులు ఆయనకు ఊపిరి సలపని రోజులు. వానలు మొదలైతే వరద కాపలా. నల్లమల లోయలో ఆ ఏళ్లు గడిపినవాళ్లు తేలిగ్గా ఏమీ గడపలేదు. గేట్లెత్తినప్పుడు సెల్ఫీలకు పరుగెత్తే మనకు వాళ్లలో ఒక్కరి పేరూ తెలీదు. ఇదంతా ఆయన తరఫున వకాల్తా అనుకోకండి. కూతురికి ఓ ఉత్తరం ముక్క రాయడానికి ఏ వరదా అడ్డు రాదు. రాయకపోతే అది లోటే. 88 ఏళ్లు నిండుగా బతికారు కదా అని ఓదార్చేవాళ్లు తెలియకుండానే మీ నోరు కట్టేస్తున్నారు. మీ కోపంలో సగం అందుకేనని నా అనుమానం.

ఇంకొకటి. రిటైరయ్యాక ఆయన దాదాపు 30 ఏళ్లు బతికారు. ఆ కాలం గురించి మీ ఉత్తరంలో బోరు మోటారు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు మీ మధ్య ఏం నడిచింది? మీ పిల్లలకు ఆయన ఎలాంటి తాతయ్య? కొంత దగ్గరితనం ఉండే ఉంటే మీ పేజీ అక్కడి నుంచి మొదలుపెట్టండి. అప్పుడూ అంటీముట్టనట్టే ఉన్నారంటే, ఎదురుచూపుల గురించే రాయండి. ‘నాన్న కోసం గేటు దగ్గర నిలబడేదాన్ని’ అని రాస్తే ఆయన పరువేమీ పోదు. మరీ పచ్చిగా ఉన్నవి విడిగా ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి, అవి ఎవరికీ చూపించక్కర్లేదు.

అయితే అన్నిటికన్నా ముందు అమ్మ దగ్గర కూర్చోండి. ‘నాన్న ఎలాంటివారు?’ అని అడిగితే ఆ తరం వాళ్లు ‘మంచివారే’ అని ఊరుకుంటారు. పాత ఫొటో ఒకటి చేతికివ్వండి. క్వార్టర్స్‌లో నీళ్లెలా వచ్చేవి, ఇంటి ఖర్చుకు డబ్బు ఎలా అందేది, శ్రీశైలం నుంచి దిగగానే ఆయన ఏం వండమనేవారు, ఇలాంటివి అడగండి. ఆమెకు చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆయన లేని ఏళ్లలో ఆ సంసారాన్ని ఒంటిచేత్తో లాక్కొచ్చింది ఆవిడే, మీకన్నా ముందు నుంచీ ఎదురుచూసిందీ ఆవిడే. సంచికలో ఎక్కువ పేజీలు ఆమెకు దక్కాలి. హోదాల చిట్టాకు ఒక్క పేజీ చాలని అన్నయ్యకు చెప్పండి.

నిద్ర లేకపోవడం ఇలాగే సాగితే సైకియాట్రిస్టును కలవండి. ఆలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రెస్సుకు ఇచ్చేముందు అన్నయ్య రాసింది మీరూ, మీరు రాసింది ఆయనా చదవండి. ఊళ్లూ తేదీలూ సరిచూసుకోండి, మిగతా దేన్నీ దిద్దొద్దు.