కొత్త ఊరు, కొత్త పొరుగు: పాఠకుల ఉత్తరాలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో హైదరాబాద్ గురించినవే ఎక్కువ. కొత్తగా వచ్చినవాళ్ళు రాశారు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళూ రాశారు. నేను పుట్టింది కరీంనగర్ దగ్గర పల్లెలో, మా ఆయనది తెనాలి. బాలానగర్ వైపు ఒక బళ్ళో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. రెండు వైపుల మాటలూ ఇంట్లోనే విన్నదాన్ని కాబట్టి తోచింది తోచినట్టు రాస్తున్నాను.

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర పల్లె. మాదాపూర్‌లో ఉద్యోగం, కొండాపూర్‌లో హాస్టల్. వచ్చి ఏడాది కావస్తోంది. నేను 'ఏటి' అన్నప్పుడల్లా టీమ్‌లో నవ్వుతారు. ఇప్పుడు నన్ను పిలవడమే 'ఏటి' అని పిలుస్తున్నారు. మీటింగ్‌లో నోరు విప్పాలంటే టెన్షన్. హాస్టల్లో పక్క మంచం అమ్మాయిది ఏ ఊరో కూడా నాకు తెలీదు. ఇక్కడ ఎవరికీ ఎవరూ పట్టరు. జీతం తక్కువైనా సరే, విశాఖ వెళ్ళిపోదామా అనిపిస్తోంది. అమ్మేమో కొన్నాళ్ళు ఓర్చుకోమంటోంది. ఏం చెయ్యను?
— ఒక అమ్మాయి, కొండాపూర్

జవాబు: బిడ్డా, ముందు ఆ నవ్వుల సంగతి చూద్దాం. అందులో ఓర్చుకోవాల్సింది ఏమీ లేదు. మనిషి పేరు తీసేసి యాసను పేరుగా పెట్టడం సరదా కాదు. ఈసారి ఎవరైనా అలా పిలిస్తే అక్కడే, అందరూ వింటుండగానే, "నా పేరు ఫలానా. ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతాను" అను. గొంతు పెంచకు. అలాగని నవ్వుతూ కూడా చెప్పకు, నవ్వుతూ చెబితే అది కూడా వాళ్ళ సరదాలో కలిసిపోతుంది. టీమ్‌లో నీకు కాస్త దగ్గరైనవాళ్ళు ఎవరో ఒకరుంటారు కదా, ఆ మనిషికి ముందే చెప్పి ఉంచు. పక్కన ఒక్కరు నిలబడినా చాలా తేడా ఉంటుంది. అప్పటికీ మానకపోతే మేనేజర్‌కు రాతపూర్వకంగా చెప్పు. భయపడకు, తప్పు చేస్తున్నది నువ్వు కాదు.

నీ మాట మాత్రం మార్చుకోకు. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ పెట్టాక ఆ చుట్టుపక్కలకు ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చాయి. మా బళ్ళో శ్రీకాకుళం పిల్లలు, మెదక్ పల్లెల పిల్లలు, తమిళం మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు. ఒకళ్ళ మాటకు ఇంకొకళ్ళు నవ్వడం అక్కడా ఉండేది. నేను ఒక పద్ధతి పెట్టాను. రోజుకొకరు నిలబడి, నిన్న సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పాలి. నవ్వినవాళ్ళు మర్నాడు చెప్పాలి. మొదట్లో ముడుచుకుపోయిన ఒక పాలకొండ పిల్ల, వాళ్ళ మామ్మ ఉప్పుచేప కూర గిన్నె పిల్లికి దొరక్కుండా ఉట్టి మీద పెట్టి, తర్వాత ఎక్కడ పెట్టిందో మర్చిపోయి ఇల్లంతా వెతకడం చెబుతుంటే క్లాసంతా చెవులప్పగించి విన్నది. ఆ మాటల్లో చెప్పింది కాబట్టే అంత బాగా వచ్చింది.

ఇక రెండో సంగతి, ఎవరికీ ఎవరూ పట్టరన్నావు. నువ్వు చూస్తున్నది హాస్టల్ గది, ఆఫీసు, మధ్యలో ఆటో. ఆ చుట్టుపక్కల ప్రాంతమంతా నిన్న మొన్నటిదాకా బండరాళ్ళు, సీతాఫలం చెట్లు. సైబర్ టవర్స్ మొదలైందే 1998లో. అక్కడ ఉన్నవాళ్ళలో చాలామంది నీలాగే పెట్టె సర్దుకుని వచ్చినవాళ్ళు, రేపో మాపో ఇంకో కంపెనీకో, ఇంకో ఊరికో వెళ్ళేవాళ్ళు. నిన్ను పలకరించే ముసలమ్మ ఆ వీధిలో ఎక్కడ దొరుకుతుంది? ఊరు అంతే కాదు బిడ్డా. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కితే తార్నాక, ఉప్పల్ దాకా రైలు మారే పని లేదు. అటువైపు పాత కాలనీల్లో ఇప్పటికీ కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు, గేటు పక్కన జామచెట్టు ఉన్న ఇళ్ళు ఉన్నాయి. నీలాంటి ఇద్దరు అమ్మాయిలు కలిసి అలాంటి పోర్షన్ తీసుకోండి. ప్రయాణం పెరుగుతుంది, నిజమే. కానీ రాత్రి ఆలస్యమైతే "ఇంకా రాలేదేంటి?" అని అడిగే మనిషి ఉంటుంది. మొదట్లో ఆ ప్రశ్నలు విసుగనిపిస్తాయి. జ్వరం వచ్చిన రోజు చారన్నం పంపేది కూడా ఆ మనిషే.

ఇల్లు చూసేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకో. మంచినీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయా, ఎన్ని గంటలకు వస్తాయి, ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకర్ డబ్బులు ఎవరివి, ఇవన్నీ అడ్వాన్స్ ఇవ్వకముందే అడుగు. ఎందరు ఉంటారు, ఏం ఉద్యోగం, ఊరేది అని ఓనరు అడిగితే చెప్పు. కులం అడిగితే మాత్రం ఆ ఇల్లు వద్దు. ఎంత గాలీ వెలుతురూ ఉన్నా వద్దు.

మూసాపేట, బాలానగర్ వైపు మీ జిల్లాలవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆదివారాలు అటు వెళ్ళు, మనసు తేలికవుతుంది. ఆరు నెలలు ఇలా ఉండి చూశాక కూడా విశాఖే కావాలనిపిస్తే నిశ్చింతగా వెళ్ళు. అమ్మకు కూడా ఇదే చెప్పు. అది ఓడిపోవడం కాదు. ఆ ఆఫీసులో నలుగురు నవ్వారని మాత్రం వెళ్ళకు.

ప్రశ్న: మేము తరతరాలుగా ఉప్పల్‌లో ఉన్నవాళ్ళం. ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో బయటినుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇక్కడ జీతం తీసుకుంటూ, ఇక్కడే ఫ్లాట్ కొనుక్కుని, "ఇక్కడివాళ్ళకు తెలుగు రాదు, పండగంటే తాగడం తినడం తప్ప ఏం లేదు" అంటారు. మా పిల్ల బడిలో 'ఉల్లిగడ్డ' అంటే టీచరమ్మ 'ఉల్లిపాయ' అనాలని దిద్దిందట. కోపం వస్తుంది. గొడవ పడాలా, ఊరుకోవాలా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఊరుకోవద్దు తమ్ముడూ. టీచరమ్మ దగ్గరికి రేపే వెళ్ళు. పిల్ల ముందు కాదు, విడిగా కూర్చుని మాట్లాడు. ఆ క్లాసు పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో ఉల్లిగడ్డే అంటారని చెప్పు. నేను టీచర్‌గా పనిచేశాను కాబట్టి అంటున్నాను, మర్యాదగా చెబితే చాలామంది వింటారు. పిల్ల మాటను ఇంట్లోవాళ్ళే కాపాడుకోకపోతే ఇంకెవరు కాపాడతారు?

తెలుగు రాదన్న మాట ఇవాళ్టిది కాదు. నిజాం కాలంలో రాజ్యమంతా ఉర్దూలో నడిచింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు చదువు కూడా ఉర్దూలోనే. అలాంటి రోజుల్లో, అంతకు ముందే, 1901లో ఈ ఊరివాళ్ళు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకుని తెలుగు పుస్తకాలు చదువుకున్నారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకాయన రాస్తే, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరా ఉత్తరాలు రాసి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. తిట్టుకు తిట్టు కాదు, పుస్తకమే జవాబు. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఆ మాట అంటే ఈ సంగతి చెప్పు. తెలియక అనేవాళ్ళే ఎక్కువ.

అయితే నీ ఉత్తరం పైన ఉన్న ఆ అమ్మాయి ఉత్తరం కూడా చదువు. ఆమె కూడా బయటినుంచి వచ్చినదే. ఆమె మాటకు నవ్వినవాళ్ళలో ఇక్కడి పిల్లలు కూడా ఉండి ఉంటారు. మన యాసను సినిమాల్లో పనివాళ్ళకు, రౌడీలకు పెట్టారని మనం బాధపడ్డాం. ఆ అమ్మాయి వైపు యాసను కమెడియన్‌కు పెట్టారు. బయటివాళ్ళందరినీ ఒకే గాటన కట్టకు.

పండగ గురించి అన్నమాటకు నా దగ్గర ఒకటే మందుంది, ఇంటికి పిలవడం. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చిన కొత్తలో సంక్రాంతికి సకినాలంటే ఏమిటో ఆమెకు తెలీదు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి తడిపి, ఉతికిన పాత చీర నేల మీద పరిచి, వాడకట్టులో ఆడవాళ్ళందరం చుట్టూ కూర్చున్నాం. పిండి ముద్ద బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపడుతూ దారంలా దిగాలి, ఆ దారాన్ని చుట్టూ చుట్టూ తిప్పాలి. మూడో చుట్టు దగ్గర మా అత్తగారి పిండి తెగిపోయేది. పక్కింటి మల్లేశం వాళ్ళమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తిప్పించింది. ఆ ఇద్దరూ ఆ తర్వాత ప్రాణస్నేహితులయ్యారు. మర్నాడు మా అత్తగారు బెల్లం పాకం పట్టి అరిసెలు వండితే నొక్కడానికి మల్లేశం వాళ్ళమ్మ వచ్చింది. సకినాలు ఒక్కరితో అయ్యే పని కాదు. అరిసెలూ అంతే, ఒకరు వేయిస్తుంటే ఇంకొకరు నూనె నొక్కాలి.

ఈసారి సద్దుల బతుకమ్మకు మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళను పొద్దున్నే పిలవమని మీ ఇంట్లోవాళ్ళతో చెప్పు. సాయంత్రం ఆట చూడటానికి మాత్రమే పిలిస్తే ఫోన్‌లో వీడియో తీసుకుని వెళ్ళిపోతారు. పొద్దున తంగేడు తుంచడం, గునుగుపూలను కట్టలు కట్టి రంగు అద్దడం, తాంబాళంలో వరస మీద వరస పేర్చి పైన పసుపు గౌరమ్మను పెట్టడం, ఈ పనుల్లో చెయ్యి వేసినవాళ్ళు మళ్ళీ ఆ మాట అనరు. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు పంచాక ఇక అసలే అనరు.

ప్రశ్న: మాది పిఠాపురం. గౌతమి ఎక్కి లింగంపల్లిలో దిగి అబ్బాయి దగ్గరికి వచ్చాం, నల్లగండ్లలో పధ్నాలుగో అంతస్తు. లిఫ్ట్‌లో ఎవరూ మాట్లాడరు. సెక్యూరిటీ కుర్రాడు హిందీలో ఏదో అంటాడు, మా ఇద్దరికీ హిందీ రాదు. మా ఆవిడ బాల్కనీలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటోంది. ఇక ఊరెళ్ళొద్దని అబ్బాయి పట్టుబడుతున్నాడు.
— ఒక తండ్రి

జవాబు: అన్నయ్యగారూ, ఊళ్ళో ఇల్లు మాత్రం అమ్మకండి, అద్దెకూ ఇవ్వకండి. మీ కాళ్ళు తిరుగుతున్నంతకాలం సగం రోజులు అక్కడ, సగం రోజులు ఇక్కడ ఉండండి. ఇది మీ అబ్బాయికి చూపించండి, నేను చెప్పానని చెప్పండి. బిడ్డలకు మన మీద ప్రేమ ఉంటుంది, భయం కూడా ఉంటుంది. మీరు ఒంటరిగా ఉంటే ఏమవుతుందోనని అతని బెంగ. ఊళ్ళో రోజూ మిమ్మల్ని చూసి ఫోన్ చేసే మనిషినొకరిని కుదిర్చి పెడితే ఆ బెంగ చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడున్న రోజుల్లో పైన కూర్చోకండి. చందానగర్ కూరగాయల మార్కెట్‌కు చెల్లెమ్మను తీసుకుని వెళ్ళండి, బేరమాడటానికి తెలుగు చాలు. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే నాంపల్లిలో దిగొచ్చు, అక్కణ్ణుంచి రవీంద్రభారతి ఆటోకు కొద్ది దూరం. హరికథలు, పద్య నాటకాలు, కచేరీలు ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. సాయంత్రం కార్యక్రమమైతే తిరుగు రైలు టైము ముందే చూసుకోండి.

ఆ సెక్యూరిటీ కుర్రాణ్ణి ఊరేదని అడగండి. ఇలాంటి పనులకు ఒడిశా నుంచి చాలామంది వస్తారు. రాయగడ, బరంపురం వైపు వాడైతే తెలుగు తెలిసే ఉండొచ్చు. అమ్మానాన్నలను వదిలి వచ్చినవాడు, పేరుపెట్టి పిలిచి ఒక అరటిపండు చేతిలో పెట్టేవాళ్ళు అతనికీ కావాలి.

ప్రశ్న: నెల్లూరు నుంచి బదిలీ మీద వచ్చాం. పక్కింటివాళ్ళు బోనాలకు పిలిచారు. మేం మాంసం తినం. వెళ్ళొచ్చా? ఏం తీసుకెళ్ళాలి?
— ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: తప్పకుండా వెళ్ళమ్మా. పొద్దున్నే వెళ్ళు, బోనం ఇంటినుంచి కదిలే వేళకు. కొత్త కుండకో ఇత్తడి బిందెకో పసుపు, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, పాలు, బెల్లం వేసి వండిన అన్నం అందులో పెట్టి, పైన దీపం వెలిగిస్తారు. తల మీద బోనం ఎత్తుకున్న ఆడమనిషిని అమ్మవారిగానే చూస్తారు. వాకిళ్ళలో నిలబడి ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు, నువ్వూ ఒక చెంబు నీళ్ళు పొయ్యి. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ తీసుకెళ్తే చాలు. 'మేం మాంసం తినం' అని ఒకరోజు ముందే చెప్పు, వాళ్ళేమీ అనుకోరు, నీకు విడిగా పులిహోరో పెరుగన్నమో పెడతారు. కల్లు వద్దంటే బలవంతపెట్టరు.

ఆషాఢంలో మొదట గోల్కొండలో మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా, ఇలా ఆదివారాలు మారుతూ ఊరంతా జరుగుతాయి. మీ వీధిలో ఏ ఆదివారమో పక్కింటామెను అడుగు. సికింద్రాబాద్ బోనాల రోజు మీవాళ్ళెవరైనా రైలుకు వెళ్ళాల్సి ఉంటే గంట ముందే బయల్దేరమను, స్టేషన్ చుట్టూ దారులు మళ్ళిస్తారు.