వేలిముద్ర పెట్టించే ముందు

అల్లుడా,

నీకు రియాద్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాయమైందని చెల్లె ఫోన్ చేసింది. అప్పుడు కొల్లాపూర్ బస్టాండ్‌లో ఉన్నాను. మా అల్లుడు సౌదీకి సారుగా పోతున్నాడని పక్కనున్నాయనకు చెప్పుకున్నాను కూడా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో సర్కారు వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో చూసుకో. పాస్‌పోర్ట్ జిరాక్స్ ఇంట్లో పెట్టు. ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, లేకుండా గది దాటకు. రంజాన్ నెలలో పగలు నలుగురి ముందు నీళ్లు కూడా తాగకు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు.

నా టెన్షన్ వేరే. నేను పోయినప్పుడు కూలీని. నీ కిందనేమో కూలీలుంటారు.

1981లో శ్రీశైలం నీళ్లల్లో ఊరు మునిగింది. చేతికొచ్చిన పైసలు అప్పులకే సరిపోయాయి. 1983లో సౌదీకి పోయాను. క్యాంపులో పాలమూరోళ్లం పద్నాలుగు మందిమి. చిన్నప్పుడు మీ తాత కొట్టి మరీ నేర్పించిన ఉర్దూ పుణ్యమా అని అక్కడి బోర్డులు, చీటీలు కూడబలుక్కునేవాణ్ని. అందరూ మున్షీ అనేవాళ్లు. ఆ పిలుపంటే నాకు ఎంత గర్వమో!

1986లో చమురు ధర పడిపోయింది. మా కంపెనీ పని ఆపేసింది. నాలుగు నెలల జీతం బాకీ. ఒకరోజు మేనేజర్ నన్ను లోపలికి పిలిచి పదమూడు కాగితాలిచ్చాడు. వీళ్లతో వేలిముద్రలు పెట్టించు, నిన్ను ఇంకో సైటుకు పంపుతాం అన్నాడు. కాగితంలో 'జమీ హుకూక్' అని ఉంది. నాకు అరబ్బీ రాదు, కానీ ఉర్దూలో కూడా ఆ మాటే. మనం హక్కు అంటామే, అది అక్కడి నుంచి వచ్చిందే. పైసా చేతికి రాకముందే రావాల్సినవన్నీ ముట్టాయని రాసుకున్నారు.

"ఏమున్నదిరా దాంట్ల?" అని అడిగారు మనోళ్లు.

"విమానం టికెట్ ముట్టినట్టు రాసిండ్రు" అన్నాను.

అచ్చంపేట దిక్కు పెద్దమనిషి ఒకాయన కాగితం వైపు కూడా చూడలేదు. "నువ్వు సదివినవు గద, సాలు" అని వేలు చాపాడు. ఆ వేలు పట్టుకుని సిరా అద్దింది నేనే.

సాయంత్రం స్టోరులో పనిచేసే సూడాన్ ఆయన అడిగాడు, వాళ్లకు చదివి వినిపించావా అని. నేను మాట్లాడలేదు. "అమానా" అని ఒక్క మాట అన్నాడు. అదీ నాకు అర్థమైంది, మన అమానత్, నమ్మి అప్పగించిన సొత్తు. అంతకుముందు దాకా ఇద్దరం ఒకే పళ్లెంలో తినేవాళ్లం. తర్వాత ఆయన పిలిచినా నేనే పోలేదు. దేశం కాని దేశంలో మనల్ని ఎవరు చూస్తారులే అనుకున్నాను, చూడు!

తిరిగొచ్చిన చాలా ఏళ్లకు కురుమూర్తి జాతరలో ఆ అచ్చంపేట పెద్దమనిషి కనిపించాడు. పైసల మాట ఎత్తుతాడని చెమటలు పట్టాయి. ఆయన జేబులోంచి బ్యాంకు నోటీసు తీసి, "నువ్వైతే సరిగ్గ సదువుతవు" అని నా చేతిలో పెట్టాడు. ప్రతి లైను రెండుసార్లు చదివి చెప్పాను. పాత కాగితం సంగతి మాత్రం అప్పుడు కూడా నోటికి రాలేదు.

ఇప్పుడక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని రూల్ ఉంది. ఇంకో అరగంట నడిపించు అని పైనుంచి నీకు ఫోన్ వస్తుంది. హాజరు బుక్కు నీ చేతిలోనే ఉంటుంది. నిన్ను అనుమానిస్తున్నానని అనుకోకురా. మీ అమ్మ పడ్డ కష్టం ఎరిగినవాణ్ని, ఉద్యోగం పోయినా సరే అనడానికి నాకు నోరు రాదు. కానీ వాళ్ల భాషలో చదివి చెప్పకుండా ఎవరి వేలూ పట్టుకోకు.

ఫోన్ చూపిస్తే అదే అనువాదం చేస్తుందంటావు. చేయనీ. ఆదివారం పొద్దున్నే రా, ఉర్దూ అక్షరాలు అలీఫ్, బే మొదలుపెడదాం. అత్త జొన్నరొట్టెలు చేస్తానంది. పలక నా దగ్గర ఉంది.

మీ మామ