ఎనిమిది నిమిషాల దగ్గర ఆగిపోయాను, కాలేజీ పడవలో నాకు చోటుంటుందా?

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. ఏడాదిన్నరగా రోయింగ్ నేర్చుకుంటున్నాను. కాలేజీలో చేరాక ఎనిమిది మంది తెడ్లు వేసే పడవలో పోటీ చేయాలన్నది నా ఆశ. కానీ రోయింగ్ యంత్రంపై 2000 మీటర్ల పరీక్షలో నాలుగు నెలలుగా సరిగ్గా 8 నిమిషాల దగ్గరే ఆగిపోయాను. నాతో పాటు మొదలుపెట్టిన ఇద్దరు నన్ను దాటిపోయారు. తెల్లవారుజామున లేవాలంటే ఒకప్పటి ఉత్సాహం రావడం లేదు. ఈ ఆశ పెట్టుకునే అర్హత నాకుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: నాలుగు నెలల శ్రమనంతా మీరు యంత్రం తెర మీద కనిపించే ఒక్క అంకెతో తూచారు. ఆ అంకె అబద్ధం చెప్పదు, అయితే అది చెప్పగలిగినది కొంతే. 2000 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలంటే ప్రతి 500 మీటర్లకు 2 నిమిషాల చొప్పున, మొదటి నుంచి చివరి దాకా సుమారు 203 వాట్ల శక్తిని నిలబెట్టాలి. అదే 7 నిమిషాల 40 సెకన్లకు రావాలంటే 230 వాట్లు కావాలి. శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, నాలుగు శాతం పైచిలుకు వేగం కోసం పదమూడు శాతానికి మించిన శక్తిని శరీరం కొత్తగా సంపాదించుకోవాలి. తొలి ఏడాదిలో సమయం చకచకా తగ్గడానికి కారణం, చేతులతో లాగడం మాని కాళ్లతో నెట్టడం నేర్చుకోవడమే. ఆ తరువాతి మెరుగుదల గుండె, ఊపిరితిత్తులు, కండరాల నుంచి రావాలి, అవి తొందరపడవు.

అందుకే పరీక్షలు తగ్గించండి. ఈ పందానికి కావలసిన శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆక్సిజన్ మీద ఆధారపడి పుట్టేదే కాబట్టి, మీ సాధనలో ఎక్కువ భాగం నిమిషానికి 18 నుంచి 20 తెడ్డు వేటులతో, పక్కవారితో మాట్లాడగలిగేంత నింపాదిగా, గంటకు దగ్గరగా సాగాలి. వారం వారం 2000 మీటర్లకు ప్రాణం పెట్టి, రాని ఫలితాన్ని చూసి కుంగిపోయేవారిని నేను చాలామందిని చూశాను. ఆరేడు వారాలకు ఒకసారి పరీక్షించుకుంటే చాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉత్సాహం తగ్గిందని మీరు అనుకుంటున్నది అలసట కూడా కావచ్చు. నిద్ర చాలకపోయినా, చేసే సాధనకు తగినంత తినకపోయినా, రక్తంలో ఇనుము తగ్గినా మనసుకు ముందే శరీరం మొరాయిస్తుంది. నెలసరి క్రమం తప్పినా, విశ్రాంతి తీసుకున్నా నీరసం వదలకపోయినా సంకల్పాన్ని నిందించుకోకుండా వైద్యులను కలవండి.

ఇక యంత్రం చూడలేని సంగతికి వస్తాను. తెడ్డు నీటి నుంచి తీసి, తిరిగి ముందుకు జరిగే ఆ విరామంలోనే పడవ అన్నిటికంటే వేగంగా పోతుంది. అప్పుడు ఒక్కరు తొందరపడి జారుడు పీటను దడాలున ముందుకు తెచ్చినా, మిగిలిన ఏడుగురు సంపాదించిన వేగంలో కొంత అక్కడే పోతుంది. నేను మూడో పీటలో కూర్చున్న రోజుల్లో మా కోచ్ మా ముఖాలు చూసేవారు కాదు, తెడ్లు వదిలి వెళ్లిన సుడుల మధ్య దూరం చూసేవారు. ఆ దూరం పెరిగితే పడవ సాగుతున్నట్టు, తగ్గితే ఎవరో దాన్ని ఆపుతున్నట్టు.

కోచ్‌లు జట్టును ఎంచుకునేటప్పుడు సీట్ రేసింగ్ చేయడం కూడా ఇందుకే. రెండు పడవలను పక్కపక్కన పరుగెత్తించి, తేడా కొలిచి, ఒక్కొక్కరిని అటూ ఇటూ మార్చి మళ్లీ పరుగెత్తిస్తారు. యంత్రం మీద ఐదు సెకన్లు వెనుకబడిన మనిషి వచ్చి కూర్చోగానే పడవ ముందుకు దూకడం నేను కళ్లారా చూశాను. కాలేజీ పడవలో చోటుకు యంత్రం సమయం తలుపు తెరుస్తుంది, నిజమే. కానీ పీట దక్కేది పడవను సాగనిచ్చేవారికే. మిమ్మల్ని దాటిన ఆ ఇద్దరి వెనుక కూర్చుని వారి వీపు కదలికతో మీ కదలికను కలపడం నేర్చుకోండి, వారు మీ పోటీదారులు మాత్రమే కాదు, రేపటి మీ జట్టు.

ఆశకు ఆధారం కూడా ఉంది. కాలేజీల మధ్య రోయింగ్ పోటీలు చాలా పాతవి: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ 1829లో, అమెరికాలో హార్వర్డ్, యేల్ 1852లో తొలిసారి తలపడ్డాయి. మహిళలకు ఆ తలుపులు ఆలస్యంగా తెరుచుకున్నా గట్టిగానే తెరుచుకున్నాయి. అమెరికాలో జాతీయ కాలేజీ క్రీడా సంఘం 1997 నుంచి మహిళల ఛాంపియన్‌షిప్ నిర్వహిస్తోంది. 2015లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ మహిళలు పురుషులతో పాటు అదే రోజు, థేమ్స్ నది మీది అదే 6.8 కిలోమీటర్ల దారిలో పోటీ పడ్డారు. తెడ్డు ఎన్నడూ పట్టని విద్యార్థులకు మొదటి నుంచి నేర్పే కాలేజీ జట్లూ ఎన్నో ఉన్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇద్దరి పడవలో స్వర్ణం గెలిచిన హెలెన్ గ్లోవర్ రోయింగ్ మొదలుపెట్టింది 2008లో, ఆమె జోడీ హెదర్ స్టానింగ్ నేర్చుకున్నది విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు. వారి కంటే మీరు చిన్న వయసులోనే మొదలుపెట్టారు.

తెల్లవారుజామున లేచేటప్పుడు కాలేజీ గురించి ఆలోచించకండి, అది మరీ దూరం. ఆ పూటకు ఒకే పని పెట్టుకోండి: తెడ్డు ఆకును కాస్త ముందుగా నిలువుగా తిప్పి ఉంచడమో, కాళ్లు పూర్తిగా చాచేదాకా మోచేతులు వంచకపోవడమో. నీటి మీది నుంచి వచ్చాక అది ఎన్ని వేటులు నిలిచిందో పుస్తకంలో ఒక వాక్యం రాయండి.

స్కూలు చివరి ఏడాది మొదలవకముందే, మీకు నచ్చిన కాలేజీల కోచ్‌లకు మీరే స్వయంగా ఉత్తరం రాయండి. ఎత్తు, బరువు, మార్కులు, 2000 మీటర్ల సమయం, దాంతో పాటు 6000 మీటర్ల సమయం, పక్క నుంచి తీసిన చిన్న వీడియో ఇవ్వండి. మొదట్లో మీ సమయమెంతో, ఇప్పుడెంతో తేదీలతో సహా పక్కపక్కన రాయండి, 8 నిమిషాల దగ్గర ఆగిన ఆ నాలుగు నెలలనూ దాచవద్దు.